అగ్నిశక్తికి లెక్క చెప్పిన సాదీ కార్నో

బాపట్ల జిల్లాలో చీరాలకు చేరువగా, బంగాళాఖాతపు ఒడ్డున వాడరేవు అను గ్రామము కలదు. పూర్వము అచటి మత్స్యకారులు తెడ్లను, తెరచాపలను నమ్ముకొని కడలిపై వేటకు పోవుచుండెడివారు. ఇప్పుడు పడవలకు డీసెలు ఇంజనులు వచ్చినవి. ఇంజను నడుచుచున్నప్పుడు దాని పొగగొట్టమును తాకరాదు. తాకిన చేయి కాలును. నూనె మండుటచే పుట్టిన వేడిలో సుమారు మూడవవంతు మాత్రమే పడవను నడుపు పనిగా మాఱును. తక్కిన వేడిలో కొంత పొగతో గాలిలో కలియును. కొంత ఇంజనును చల్లార్చు నీటితో వెలుపలికి పోవును. మత్స్యకారుడు డబ్బు పోసి కొన్న నూనెలో ఎక్కువ భాగము ఈ విధముగా వ్యర్థమగుచున్నది.

ఇట్లు పోవు వేడిని పట్టి మరల పని చేయింపవచ్చునా? చేయింపవచ్చునేని, ఆ వేడిని గ్రహించి వ్యాకోచించి యంత్రమును త్రిప్పుటకు ఏ పదార్థము తగినది? నీరా, గాలియా, ఆల్కహాలా, మఱియొకటియా? డీసెలు ఇంజను పుట్టుటకు డెబ్బది యేండ్లకు ముందే, 1824వ సంవత్సరమున, ఇరువది యెనిమిదేండ్ల యువకుడొకడు ఈ ప్రశ్నల మూలమును తాకెను. ఆయనయే ఫ్రాన్సు దేశీయుడైన సాదీ కార్నో.

కార్నో 1796వ సంవత్సరము జూన్ 1వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి లజార్ కార్నో గణితవేత్త. సేనలను తీర్చిదిద్దుటలో ప్రసిద్ధి కెక్కినవాడు. విప్లవానంతరము ఫ్రాన్సును పాలించిన ఐదుగురు డైరెక్టరులలో ఆయన యొకడు. పారశీక మహాకవి సాదీ యందు ఆయనకు మిక్కిలి అభిమానము. అందుచే కుమారునకు ఆ కవి పేరు పెట్టెను. లజార్ యంత్రములను గూర్చి 1783లో ఒక గ్రంథము కూడ వ్రాసెను. యంత్రభాగములు ఒకదానితో నొకటి ఢీకొనినచో శక్తి నష్టమగును. కుదుపు లేకుండ, మెల్లగా పని జరిగినపుడే శక్తి దక్కును అని ఆయన బోధించెను. తండ్రి నీటికిని, చక్రములకును చెప్పిన ఈ నీతిని కుమారుడు అటుపిమ్మట వేడికి అన్వయించెను.

సాదీ బాల్యమునుండియు నిర్భయుడు. ఆయనకు నాలుగేండ్ల ప్రాయమున తండ్రి యుద్ధమంత్రిగా నుండెను. ఒకనాడు నెపోలియను భార్యయు, ఆమె చెలికత్తెలును కొలనులో పడవపై విహరించుచుండగా, నెపోలియను గట్టుపై నిలిచి వినోదమునకై నీటిలో రాళ్ళు విసరుచు వారిపై నీరు చిమ్మించుచుండెను. దేశమంతయు ఎవ్వనికి తలయొగ్గియుండెనో, అట్టివాని యెదుట ఆ పసివాడు నిలిచి, పిడికిలి చూపి, స్త్రీలను వేధింపవద్దని గద్దించెను. నెపోలియను కోపింపక పకపక నవ్వెనట.

తండ్రియొద్దనే గణితము, భాషలు, సంగీతము అభ్యసించి, సాదీ 1812లో, పదునాఱవ యేట, పారిస్ నందలి పాలిటెక్నిక్ విద్యాలయమున ప్రవేశించెను. 1814లో శత్రుసేనలు పారిస్ పైకి నడచివచ్చినపుడు ఆయన తోటి విద్యార్థులతో కలిసి వాన్సెన్ కోటయొద్ద పోరాడెను. నగరము లొంగిపోయెను, నెపోలియను పదవి కోల్పోయెను. అటుపిమ్మట సాదీ మెత్జ్ నగరమున సైనిక ఇంజనీరింగు విద్యను ముగించి సేనలో ఉద్యోగియయ్యెను.

ఇంతలో కుటుంబమునకు విధి ప్రతికూలించెను. నెపోలియను 1815లో తిరిగివచ్చి నూఱు దినములు పాలించినపుడు లజార్ ఆయన మంత్రివర్గమున చేరెను. నెపోలియను ఓడిపోగా, లజార్ దేశమునుండి వెడలగొట్టబడి జర్మనీలోని మాగ్డెబర్గు పట్టణమున తలదాచుకొనెను. నిన్నటివరకు మంత్రిపుత్రుడని సాదీని గౌరవించినవారే నేడు దూరముగా తొలగిరి. ఆయనను ఒక కోటనుండి మఱియొక కోటకు త్రిప్పుచు, ఇటుకలు లెక్కించుట, గోడల పటములు గీయుట మొదలగు పనులతో సరిపుచ్చిరి. ఆయన యెవ్వరిని యాచింపలేదు. 1819లో పరీక్షయందు నెగ్గి పారిస్ నందలి సేనాధిపతి కార్యాలయ శాఖకు మాఱెను. వెంటనే సగము జీతముపై సెలవు తీసికొని శాస్త్రాధ్యయనమునకు పూనుకొనెను. కర్మాగారములను దర్శించుట, కళాశాలల ఉపన్యాసములు వినుట, వాయులీనము వాయించుట, ఈదుట, కత్తిసాము చేయుట ఆయన నిత్యకృత్యములు. మితభాషి, మిత్రులు కొందఱే.

ఆ కాలమున ఇంగ్లండు దేశమున జేమ్స్ వాట్ రూపొందించిన ఆవిరి యంత్రములు గనులనుండి నీటిని తోడుచు, నూలుమిల్లులను నడుపుచు ఆ దేశమునకు సంపద కూర్చుచుండెను. ఫ్రాన్సులో అట్టి యంత్రములు తక్కువ, బొగ్గు ప్రియము. కావున తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయించు ఉపాయమునకై పలువురు వెదకసాగిరి. నీటి ఆవిరికంటె ఆల్కహాలు ఆవిరి మేలని కొందఱు, వేడిగాలి మేలని కొందఱు వాదించిరి. ఆల్కహాలు నీటికంటె తక్కువ వేడిలోనే, 78 డిగ్రీలకే, మరుగును. కనుక తక్కువ బొగ్గు చాలునని వారి యాశ. ఒక్కొక్కరు ఒక్కొక్క ద్రవమును నమ్మి ధనము, కాలము వెచ్చించుచుండిరి. ఏది ఉత్తమమో తేల్చు కొలబద్ద మాత్రము ఎవ్వరికిని లేదు.

1821లో సాదీ మాగ్డెబర్గునకు పోయి తండ్రిని, తమ్ముడు ఇపోలిత్‌ను చూచి కొన్ని వారములు గడపెను. మూడేండ్ల క్రిందట ఆ పట్టణమునకు ఆవిరి యంత్రము మొదటిసారిగా వచ్చియుండెను. యంత్రములను గూర్చి తండ్రీకొడుకులు ముచ్చటించిరి. పారిస్ చేరినది మొదలు సాదీకి ఆ యంత్రమే ధ్యానమయ్యెను. అయితే ఆయన మఱియొక క్రొత్త యంత్రమును నిర్మింప బూనలేదు. ఇంతవేడినుండి మిక్కుటముగా ఎంత పని రాబట్టవచ్చును? ఆ పరిమితి యంత్రములోని పదార్థముపై ఆధారపడునా? ఆయన తలపోసినది ఈ రెండు ప్రశ్నలనే.

తెనాలి, రేపల్లె ప్రాంతముల కృష్ణా కాలువలపై లాకులు కలవు. లాకునొద్ద నీరు పైమట్టమునుండి క్రిందిమట్టమునకు దుముకును. అచ్చట చక్రమును నిలిపిన నీరు దానిని త్రిప్పును. మట్టములు రెండును సమానమైనచో కాలువనిండ నీరున్నను చక్రము కదలదు. వేడియు ఇట్టిదే యని కార్నో గ్రహించెను. వేడి పుష్కలముగా నున్నంత మాత్రమున పని జరుగదు. అది వేడివస్తువునుండి చల్లనివస్తువునకు దిగునపుడే పని పుట్టును. ఆవిరి యంత్రమున బాయిలరు పైమట్టము. ఆవిరిని చల్లార్చు నీరు క్రిందిమట్టము. నడుమనున్న ఆవిరి వేడిని మోసికొని దిగు వాహనము మాత్రమే. వేడి ఊరక జాఱి చల్లనివస్తువును చేరినచో, చక్రమును తాకక ప్రక్కనుండి పోయిన నీటివలె, ఆ దిగుదల వ్యర్థము.

అట్లయిన, వాహనము మాఱినచో పని పెరుగదా? పెరుగదని కార్నో చక్కని యుక్తితో నిరూపించెను. లోపములేని యంత్రములు రెండు, ఒకే వేడిచోటు, ఒకే చల్లనిచోటు నడుమ పనిచేయుచున్నవని యనుకొనవలెను. ఒకదానిలో నీటి ఆవిరి. రెండవదానిలో ఆల్కహాలు ఆవిరి. అంతే వేడిని వాడుకొని ఆల్కహాలు యంత్రము ఎక్కువ పని చేసినచో, ఆ పనిలో కొంతభాగముతో నీటి యంత్రమును వెనుకకు త్రిప్పి, దిగిన వేడినంతయు మరల పైకి చేర్చవచ్చును. అప్పుడు వేడి యథాస్థానమున నుండును. కొంత పని మిగిలిపోవును. ఈ ప్రకారము ఎల్లకాలము, ఏమియు ఖర్చులేక, యంత్రము నడువవలసియుండును. అది అసాధ్యము. కావున వేడినుండి లభించు గరిష్ఠశక్తి పదార్థముపై ఆధారపడదు. వేడిచోటు, చల్లనిచోటు ఉష్ణోగ్రతలపై మాత్రమే ఆధారపడును. మహిమగల ద్రవమునకై వెదకువారి యాశలు ఈ ఒక్క యుక్తితో కూలిపోయెను.

కాని పదార్థమును ఎన్నుకొను పని అంతటితో ముగియలేదని కార్నో ఎఱుగును. గరిష్ఠశక్తి ఒక్కటే యైనను, దానికి ఎంత చేరువగా పోగలమన్నది పదార్థముపైననే ఆధారపడును. ఘనద్రవ్యములు వేడికి స్వల్పముగానే వ్యాకోచించును గనుక అవి పనికిరావు. వాయువులు, ఆవిరులు తగినవి. నీటి ఆవిరికి గల పెద్దలోపము, ఉష్ణోగ్రత పెరిగినకొలది దాని పీడనము అతిగా పెరుగుట, బాయిలరు పగులును. ఆల్కహాలు ఆవిరికి అదే వేడిలో పీడనము ఇంకను ఎక్కువ. ఇతరులు సుగుణమని పొగడినదానిని ఆయన దోషమని చూపెను. గాలి యట్టిది కాదు. పీడనము మితిమీఱకయే మిక్కిలి వేడికి ఓర్చును. అయితే గాలి యంత్రములను నిర్మించుటలో చిక్కులు పెక్కు గలవనియు ఆయన గుర్తించెను.

ఆ గ్రంథపు చివరి పుటలలో కార్నో మఱియొక యూహను తెలిపెను. ఒకే వేడిచే మొదట గాలిని, పిదప ఆవిరిని పని చేయింపవచ్చును. యంత్రమును త్రిప్పిన పిమ్మటను గాలి ఇంకను వేడిగా నుండును. దానిని ఆకాశమునకు విడువక, ఆవిరి బాయిలరు చుట్టును ప్రవహింపజేసిన, అది కొలిమినుండి వచ్చిన సెగవలెనే నీటిని మరిగించును. ఇంజను విడిచిన వేడిని రెండవ యంత్రముచే పట్టు పద్ధతికి ఇదియే బీజము.

1823లో లజార్ ప్రవాసముననే కన్నుమూసెను. సాదీ తన భావములను 118 పుటల చిన్న గ్రంథముగా వ్రాసి, శాస్త్రము చదువనివారికి కూడ బోధపడుచున్నదో లేదో తెలిసికొనుటకై తమ్మునిచే చదివించెను. 1824 జూన్ నెలలో దానిని స్వంతధనముతో 600 ప్రతులు అచ్చువేయించెను. అగ్నియొక్క చోదకశక్తిని గూర్చిన ఆలోచనలని దాని పేరు. శాస్త్ర పరిషత్తులో దానిని మెచ్చుకొనుచు ఒక సభ్యుడు ప్రసంగించెను. పిమ్మట అంతయు నిశ్శబ్దము. ఇంజనీర్లకు అది సిద్ధాంతమువలె, శాస్త్రజ్ఞులకు ఇంజనీరు వ్రాతవలె కనబడెను.

కార్నో మరల కొంతకాలము సేనలో పనిచేసి 1828లో కాప్టెనుగా ఉద్యోగము మానుకొనెను. గ్రంథము వ్రాయునాటికి, వేడి నాశములేని యొక ద్రవమని నాటి పండితులు నమ్మినట్లే ఆయనయు నమ్మెను. తరువాత ఆ నమ్మకమును తానే పరీక్షించి విడిచెను. వేడి కణముల చలనమేయనియు, పని పుట్టినపుడు వేడి అంతమేరకు ఖర్చగుననియు తన చిత్తుకాగితములలో వ్రాసికొనెను. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయు వేడిమి 370 కిలోల బరువును ఒక మీటరు ఎత్తునకు లేపగలదని లెక్కగట్టెను. నేటి లెక్క 427. ఆనాటి సాధనములతో, ఎవ్వరి తోడ్పాటును లేక, ఆయన ఇంతదూరము వచ్చెను. ఈ సంగతి లోకమునకు తెలియుటకు నలువది యాఱేండ్లు పట్టెను.

1831లో ఆయన వాయువుల, ఆవిరుల పీడనమునకును ఉష్ణోగ్రతకును గల సంబంధమును పరిశోధింప నారంభించెను. మఱుసటియేడు వేసవిలో ఆరక్తజ్వరము సోకెను. దానినుండి కోలుకొనుచుండగా కలరా తగిలి ఒక్కదినమునకే ప్రాణము గొనెను. అది 1832 ఆగస్టు 24వ తేదీ. ఆయన వయస్సు ముప్పదియాఱేండ్లు. అంటువ్యాధి భయముచే ఆయన వస్తువులను, కాగితములలో పెక్కింటిని దహించిరని చెప్పుదురు. అచ్చుపుస్తకమును, తమ్మునికి దక్కిన కొన్ని కాగితములును మాత్రమే మిగిలినవి.

రెండేండ్లకు, 1834లో, క్లపెరాన్ అను ఫ్రెంచి ఇంజనీరు కార్నో భావములను రేఖాపటములతోను, గణితముతోను వివరించెను. దానిని చదివి ముగ్ధుడైన విలియం థామ్సన్ అను యువశాస్త్రజ్ఞుడు 1845లో పారిస్ పుస్తక విక్రేతల నందఱిని కార్నో గ్రంథమునకై అడిగెను. ఒక్కప్రతియైనను దొరకలేదు, రచయిత పేరే వారెఱుగరు. థామ్సన్ 1848లో కార్నో సూత్రము ఆధారముగా ఏ పదార్థముతోను నిమిత్తములేని ఉష్ణోగ్రతామానమును ప్రతిపాదించెను. తరువాత కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధుడైనవాడు ఆయనయే. జర్మనీ దేశపు క్లాసియస్ 1850లో ఆ సూత్రమును సవరించి ఉష్ణగతిశాస్త్రమునకు గట్టి పునాది వేసెను. 1878లో ఇపోలిత్ అన్నగారి గ్రంథమును, మిగిలిన కాగితములను, జీవితచరిత్రను ప్రకటించెను. ఇపోలిత్ తన కుమారునకును సాదీయని పేరిడియుండెను. అతడే తరువాత ఫ్రాన్సు దేశాధ్యక్షుడయ్యెను.

కార్నో సూత్రము యంత్రశాలలకును చేరెను. రుడాల్ఫ్ డీసెల్ అను జర్మను ఇంజనీరు విద్యార్థిగా నున్నపుడు ఆ పాఠము విని, గరిష్ఠశక్తికి చేరువయగు ఇంజనును నిర్మింప సంకల్పించెను, 1897లో కృతకృత్యుడయ్యెను. నేడు వాడరేవు పడవలను నడుపునది ఆ జాతి ఇంజనే. గాలిని, ఆవిరిని వరుసగా పని చేయించు ఊహయు ఫలించెను. 1990 దశకమున గోదావరీతీరమున జేగురుపాడులో నిర్మింపబడిన విద్యుత్కేంద్రమున, సహజవాయువుచే మండి టర్బైనును త్రిప్పిన వేడిపొగ బాయిలరును చేరి ఆవిరిని పుట్టించి రెండవ టర్బైనును త్రిప్పునట్లు ఏర్పాటు చేయబడెను. పెద్ద ఓడలలోను ఇంజను పొగతో ఆవిరిని పుట్టించు బాయిలరులు కలవు.

పడవ ఇంజను వేడికి కార్నో కొలబద్దను పెట్టి చూడవచ్చును. కెల్విన్ మానమున లెక్కించుటకు సెల్సియస్ డిగ్రీలకు 273 కలుపవలెను. పొగ 400 డిగ్రీలు, సముద్రజలము 30 డిగ్రీలు అయినచో, కెల్విన్ మానమున అవి 673, 303. రెంటి భేదము 370. దానిని 673చే భాగించిన నూటికి 55 వచ్చును. ఆ వేడినుండి అంతకుమించి ఏ ద్రవముతోను పని రాదు. ఇంజనును చల్లార్చిన నీరు 85 డిగ్రీలైనచో, అదే లెక్కచే నూటికి 15 మాత్రమే వచ్చును. ఇది మిట్ట పరిమితి. పొగ వేడినిచ్చుచు తానును చల్లాఱును గనుక నిజముగా దక్కునది ఇంకను తక్కువ.

ఈ పరిమితిని ద్రవము మార్పలేదు; అయినను తగిన ద్రవము లేక దానిని సమీపింపజాలము. 85 డిగ్రీల వేడిలో నీటి ఆవిరి పీడనము బయటి గాలి పీడనమునకు తక్కువ. గాలి లోనికి చొచ్చును. పలుచని ఆవిరికి పెద్ద యంత్రము కావలెను. పెంటేను అను ద్రవము 36 డిగ్రీలకే మరుగును. 85 డిగ్రీల యొద్ద దాని పీడనము గాలి పీడనమునకు సుమారు నాలుగు రెట్లు. కార్నో తీవ్రమగు వేడిలో దోషమని యెంచిన గుణమే తక్కువ వేడిలో సుగుణమైనది. అయితే పెంటేనునకు నిప్పంటుకొను భయము కలదు. ఈథరునకును అంతే, పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఆవిరితోపాటు ఈథరును వాడిన ఫ్రెంచి ఓడలకు ఆ భయము తప్పలేదు. అమోనియా విషవాయువు. నిప్పంటుకొనని క్లోరోఫ్లోరోకార్బనులు వచ్చినవి గాని, అవి భూమిని కాపాడు ఓజోను పొరను చెఱచునని తెలియుటచే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము వాటిని క్రమముగా నిషేధించెను. మరుగుస్థానము, పీడనము, నిప్పు, విషము, లోహమును తినుట, వేడికి విచ్ఛిన్నమగుట, వాతావరణమునకు హాని, వెల ఇన్నియు తూచిన పిదపనే ఎన్నిక జరుగవలెను. చిన్న పడవకు ఉప్పునీటి తుప్పు, అదనపు బరువు, ఖర్చు కూడ కలిసి, వచ్చు లాభమును మ్రింగివేయుచున్నవి. పెద్ద ఇంజనులకే ఈ విద్య ఎక్కువగా ఉపకరించుచున్నది.

కార్నో ఏ ద్రవమునకును పట్టము కట్టలేదు. ముందు ఎంత ఆశింపవచ్చునో తెలిసికొనుమని, పిమ్మట చేతనున్న వేడికి తగిన పదార్థమును ఎన్నుకొనుమని ఆయన గ్రంథము నేర్పినది. ఆఱువందల ప్రతులలో ఒక్కటియు పారిస్ అంగళ్ళలో దొరకని ఆ పుస్తకపు పాఠమును ఇప్పుడు ప్రపంచమందలి ఇంజనీరింగు విద్యార్థి ప్రతివాడును తొలిదినములలోనే చదువుచున్నాడు.